పాత మనిషికి కొలిచిన గాలి

ఆ రోజు ఉదయం ఆ ఇంట్లో అనుకున్న పని ఒక్కటే, డ్రైవరు నడుము కొలత తీసుకోవడం.

ఏడాదిగా బస్సు ఎక్కకపోయినా అందరూ అతన్ని డ్రైవరనే పిలుస్తారు. పోయినేడు ఒక మధ్యాహ్నం ఎర్రదీపం దగ్గర బస్సు ఆపి, పచ్చదీపం వెలిగేలోపు స్టీరింగు మీద తల వాల్చి గురకపెట్టాడు. బస్సు అంగుళం కదల్లేదు, ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. వెనక వాహనాలన్నీ హారన్లు మోగిస్తుంటే కండక్టరు వచ్చి భుజం తట్టాడు, అంతే. కానీ డిపో వాళ్లు ఊరుకుంటారా? డాక్టరు దగ్గరికి పంపారు. నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగిపోయే జబ్బని తేలింది. అప్పటినుంచి రాత్రిళ్లు ముక్కుకు మాస్కు తగిలించుకుని పడుకోవాలి. మంచం పక్కన చిన్న మిషను గొట్టంలోంచి గాలి పంపుతూ గొంతు మూసుకుపోకుండా కాపలా కాస్తుంది. దాంతోపాటు ఒళ్లు తగ్గాలి. ఏడాది తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే మళ్లీ స్టీరింగు. అందాకా బస్టాండులో ఎంక్వైరీ కిటికీ.

ఎంక్వైరీ కిటికీ అంటే ఏ బస్సు ఎప్పుడు వెళుతుందో పదిమందికీ చెప్పడం, ఆ బస్సు వేరేవాడి చేతిలో వెళ్లిపోతుంటే చూడటం. పాతికేళ్లు బండి నడిపినవాడికి ఇంతకన్నా శిక్ష ఏముంటుంది? అందుకే డ్రైవరు నోరు కట్టుకున్నాడు. కాళ్లు అరిగేలా నడిచాడు. ఆరునెలలు తిరిగేసరికి మెడ కనిపించింది. ఇంకో మూడునెలలకు, అతనికి గడ్డం కింద ఎముక కూడా ఉందని ఇంట్లోవాళ్లకు తెలిసింది.

భార్య ముందుగదిలో బట్టలు కుడుతుంది. మొగుడు తగ్గినకొద్దీ అతని చొక్కాల పక్కలు విప్పి, ప్యాంట్ల నడుములు లోపలికి మడిచి, కుట్టుకుంటూ వచ్చింది. ఇక మిగిలింది అలమరలో వేలాడుతున్న యూనిఫాం. పరీక్ష వచ్చేనెలే. ఖాకీగుడ్డ ఒకసారి కత్తిరిస్తే మళ్లీ అతుక్కోదు కాబట్టి, ముందు రోజూ వేసుకునే ప్యాంటు మీద కొలత సరిచూసుకుందామని ఆమె ఆలోచన.

డ్రైవరు మంచం దిగి వచ్చి చేతులు పైకెత్తి నిలబడ్డాడు. ఆమె టేపు చుట్టి చూసింది, విప్పి మళ్లీ చుట్టింది. పోయినవారం కన్నా మూడువేళ్లు ఎక్కువుంది.

"రాత్రి ఏమైనా తిన్నారా?" అంది.

తినలేదన్నాడు. ఆమె వంటింటి వైపు ఒక చూపు చూసి, ఏమీ అనకుండా ప్యాంటు కుట్లు విప్పి, ఆ మూడువేళ్లూ వదిలి కుట్టింది. ఆ ఏమీ అనకపోవడమే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. నిజంగానే తినలేదు మరి.

అదే ప్యాంటు వేసుకుని పనికి వెళ్లాడు. మధ్యాహ్నం ఒక ముసలాయన కిటికీ దగ్గరకొచ్చి బస్సు అడిగితే, చూపిద్దామని లేచి నిలబడి చెయ్యి చాచాడు. చెయ్యి పైకి వెళ్లింది, ప్యాంటు కిందికి వెళ్లింది. పక్కగదిలో బస్సుల రాకపోకలు చెప్పే కుర్రవాడుంటాడు, వాణ్ని అందరూ మైకు అంటారు. వాడు అద్దంలోంచి ఇది చూశాడు. పాపం, చెడ్డ ఉద్దేశం లేదు, అన్నను కాపాడదామనుకున్నాడు. కాకపోతే వాడి ఎదురుగా ఉన్న అసలు మైకు కట్టేసి లేదు. "నాలుగో ప్లాట్‌ఫారం మీదున్న బస్సు మరి కాసేపట్లో" అని, కాస్త ఆగి, "అన్నా, ప్యాంటు" అన్న మాట బస్టాండు ఈ చివరినుంచి ఆ చివరిదాకా వినిపించింది. ఆ క్షణంలో బస్టాండులో ఉన్న మగవాళ్లందరూ ఎందుకైనా మంచిదని నడుము తడుముకున్నారు.

సాయంత్రం ఇంటికి రాగానే భార్య మళ్లీ టేపు తీసింది. పొద్దున పెరిగిన మూడువేళ్లూ మాయం. ఇద్దరూ ఒకర్నొకరు అనుమానంగా చూసుకున్నారు. కొలిచేటప్పుడు ఆయన పొట్ట బిగబట్టాడని ఆమె, టేపు సాగిపోయిందని ఆయన. మర్నాడు పొద్దున కొలిస్తే మళ్లీ మూడువేళ్లు పెరిగాయి, ఇంకొంచెం ఎక్కువే. డ్రైవరు ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాడు. పగలంతా తగ్గి, రాత్రి నిద్రలో లావెక్కుతున్నాడు.

దాంతో రాత్రి భోజనం మానేశాడు. పొద్దున నడక చాలదని సాయంత్రం కూడా మొదలుపెట్టాడు. మందుల షాపులో బరువు చూసుకుంటే ముల్లు ఇంకా కిందికే దిగింది. అయినా అతను ముల్లును నమ్మలేదు. కళ్లముందు ఉబ్బి కనిపిస్తున్న పొట్టను కాదని, పరాయి షాపులో మిషను చెప్పేది ఎలా నమ్ముతాడు?

అలా ఇంకా తగ్గేసరికి బుగ్గలు లోపలికి పోయి, మాస్కు అంచుల్లోంచి గాలి ఈలలు వేస్తూ బయటికి రావడం మొదలుపెట్టింది. ఆ ఈలకు ఇద్దరికీ నిద్రలేదు. వదులైనదేదైనా లోపలికి మడిచి కుట్టాలన్నది భార్యకు చేతికొచ్చిన విద్య. మాస్కు పట్టీ తెచ్చి కుట్టుమిషను కింద పెట్టింది. పట్టీకున్న అతుకు ఎంతవరకు బిగుస్తుందో అంతకన్నా రెండు వేళ్లు లోపలికి తీసి, జారిపోకుండా డబుల్ కుట్టు వేసింది. అంత నీటైన కుట్టు ఆ పట్టీని తయారుచేసిన కంపెనీవాళ్లు కూడా వేసుండరు. ఈల ఆగింది. పక్కలనుంచి పోయే గాలి కూడా ఇప్పుడు పోవడానికి దారిలేక, మొత్తం డ్రైవరులోకే వెళ్లింది.

పొద్దున లేచేసరికి పొట్ట డప్పులా బిగుసుకుంది. కిటికీ దగ్గర ఎవరు ఏ బస్సు అడిగినా ముందొక తేన్పు, ఆ తర్వాత జవాబు. చెంపల మీద పట్టీ అచ్చులు మధ్యాహ్నందాకా పోయేవి కావు. రాత్రి సరైన నిద్రలేక కుర్చీలోనే తల వాలిపోయేది. ఎంక్వైరీ కిటికీలో నిద్రపోతే ఎవరికీ ప్రమాదం లేదు, నిజమే. కానీ ఆ సంగతి డిపోలో తెలిస్తే ఇక స్టీరింగు మీద ఆశ వదులుకోవలసిందే. అందుకే భార్య డాక్టరు దగ్గరికి వెళదామంటే అతను వినలేదు.

"నిద్ర పట్టట్లేదని నా నోటితో నేనే చెబితే, ఆయన పనికిరాడని రాసేస్తాడే. పరీక్ష అయ్యాక వెళదాం."

అసలు సమస్య అక్కడ ఆగేదేమో, కానీ మైకుకు మనసాగలేదు. పీక్కుపోయిన మొహం, చెంపల మీద వాతలు, ఉబ్బిన పొట్ట, పగటినిద్ర. ఇవన్నీ కలిపి చూసుకుని బెంగపడి, సొంతూళ్లో తనవాళ్ల వీధిలోనే ఉండే డ్రైవరు అక్కకు ఫోన్ చేశాడు. అక్క ఇంకేమీ అడగలేదు. సంచి సర్దుకుని దొరికిన బస్సెక్కింది.

వచ్చీరాగానే తమ్ముడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని చెంపల మీది గీతలు చూసింది. తర్వాత తలతిప్పి మరదలి చేతులవైపు చూసింది. మరదలు ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కత్తెర అందుకుంది. దాంతో వ్యవహారం ఇంకా చెడింది.

మాస్కు పట్టీ గుర్తులని ఎంత చెప్పినా అక్క ఒప్పుకోలేదు. కడుపు మాడ్చి, మొహానికి తాళ్లు కట్టి, ఇదేం వైద్యమని ఆవిడ ప్రశ్న. వంటిల్లు స్వాధీనం చేసుకుంది. తమ్ముడి కంచంలో వండిందల్లా పెట్టి, అయిపోయేదాకా ఎదురుగా కూర్చుంది. అతను అక్క మాట తీసెయ్యలేడు. తిన్నదానికి పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట అదనంగా నడిచి లెక్క సరిచేసుకునేవాడు. వీధిలో అందరూ అతను ఇంట్లో ఉండలేక తిరుగుతున్నాడని అనుకున్నారు. అది పూర్తిగా అబద్ధమూ కాదు.

ఒక ఆదివారం, తమ్ముడు నడకకు వెళ్లిన సమయం చూసి, అసలు ఆ మిషను తన తమ్ముడిని ఏం చేస్తోందో తేల్చుకుందామని అక్క మాస్కు తనే తగిలించుకుంది. ఊపిరి పీలిస్తే దానంతటదే మొదలయ్యే మిషనది. ఆ సంగతి ఆవిడకు తెలియదు. ఒక్కసారి పీల్చిందో లేదో ముక్కులోకి గాలి తోసుకొచ్చింది. కేకవేద్దామని నోరు తెరిస్తే కేకకు బదులు గాలి వచ్చింది. ముందుగదిలో కుడుతున్న మరదలికి వదిన గొంతు చాలాసేపటినుంచి వినపడకపోవడం వింతగా తోచి వచ్చి చూసేసరికి, ఆవిడ మంచం మీద కళ్లు పెద్దవి చేసుకుని, రెండు చేతులతోనూ పట్టీ లాగుతూ కూర్చుని ఉంది. డబుల్ కుట్టు కదా, రాలేదు. కత్తెర తెచ్చి కోయాల్సి వచ్చింది.

డ్రైవరు వచ్చేసరికి అక్క ఫ్యాను కింద కూర్చుని ఆయాసపడుతోంది.

"ఒరేయ్, ఇది ఊపిరాడించే మిషనా, లారీ టైరుకు గాలికొట్టే మిషనా?"

డ్రైవరు చెప్పులు విప్పుతున్నవాడల్లా అక్కడే ఆగిపోయాడు. టైరు అన్న మాట అతనికి తగలాల్సిన చోట తగిలింది. నిండు లోడుకు కొట్టిన గాలి ఖాళీ బండిలో ఉంచితే ఏమవుతుందో అతనికి ఒకరు చెప్పాలా? టైరు బిర్రబిగుసుకుంటుంది, బండి గుంతగుంతకీ ఎగురుతుంది. బరువు తగ్గితే గాలి తగ్గించాలి. ఈ మిషను ఇంకా ఏడాది కిందటి లోడుకే కొడుతోంది. పొద్దున పెరిగి సాయంత్రానికి తగ్గే ఆ మూడువేళ్లు కొవ్వు కాదు, గాలి.

అతను ఆ సంగతి చెప్పగానే భార్య కోసిన పట్టీని చేతిలో తిప్పి చూసుకుంది. చొక్కాలు, ప్యాంట్లు, చివరికి మొహానికి కట్టే పట్టీతో సహా అన్నీ అతని కొత్త ఒంటికి సరిచేసింది. గాలిని మాత్రం సరిచెయ్యాలని తట్టలేదు.

ఇంతవరకు తెలుసుకున్నవాడు తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్లుంటే బాగుండేది. కానీ టైరులో గాలి తగ్గించడానికి ఎవరైనా డాక్టరు దగ్గరికి వెళతారా? ఆసుపత్రిలో అమ్మాయి రెండు బొత్తాలు కలిపి నొక్కడం చూసిన గుర్తు. అతనూ నొక్కాడు. మిషను తెర ఒకసారి మెరిసి, ఇంట్లో ఎవరికీ రాని ఏదో భాషలోకి మారిపోయింది. దాన్ని మళ్లీ దారికి తేవాలని ఇంకేవో నొక్కాడు. ప్రతి నొక్కుకూ అది ఆ భాషలోనే మర్యాదగా ఏదో అడిగేది, ఇతను అవునన్నట్టు ఇంకో బొత్తాం నొక్కేవాడు. ఆ రాత్రికి మాస్కును ఒక గుడ్డపీలికతో కట్టుకుని పడుకున్నాడు, దేనికి అవునన్నాడో తెల్లారాక తెలిసింది. గాలి చుక్క కూడా తగ్గలేదు కానీ, గాలిని తడిపే నీటి ఆవిరి ఆఖరి మెట్టుకు చేరింది. గొట్టం నిండా నీళ్లు నిలిచి గుడగుడలాడాయి. జడివానలో వైపర్లు లేకుండా బస్సు నడుపుతున్నట్టు కలగని, మొహం తుడుచుకుంటూ లేచాడు డ్రైవరు.

అక్క తువ్వాలు అందించి, ఇక తను చెప్పేదేమీ లేదంది. ఆ తర్వాత చాలాసేపు చెప్పింది. చివరికి ముగ్గురూ మిషను సంచిలో పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లారు.

డాక్టరు మిషనులో చిన్న కార్డు తీసి కంప్యూటరులో పెట్టి చూశాడు, డ్రైవరును బరువు తూచాడు, పొట్ట మీద వేళ్లతో తట్టి చూశాడు. తర్వాత కోసిన పట్టీ తీసుకుని ఆ కుట్టు ఎవరు వేశారని అడిగాడు. భార్య తల వంచుకుంది. ఆయన నిజంగానే మెచ్చుకోలుగా చూసి, ఆసుపత్రిలో కూడా ఇంత చక్కగా కుట్టరని అన్నాడు.

"ఈ గాలి నేను పోయినేడు వచ్చిన మనిషికి రాసింది. ఆ మనిషి ఇప్పుడు లేడు" అన్నాడు డ్రైవరు వైపు తిరిగి.

"అవేం మాటలు డాక్టరుగారూ" అంది అక్క.

ఆయన తడబడి, ఆ బరువు లేదని నా ఉద్దేశమమ్మా అని సర్దుకున్నాడు. గాలి పద్నాలుగు నుంచి తొమ్మిదికి దించాడు. కొత్త పట్టీ ఇప్పించి, వేలు దూరేంత వదులుగా పెట్టుకోమన్నాడు. ఇక ముందు కిలోలు తగ్గితే చెప్పమనీ, బొత్తాలు సొంతంగా నొక్కొద్దనీ హెచ్చరించాడు. వారం తర్వాత కార్డు మళ్లీ చూసి, నిద్ర బాగుంటే డిపోకు తనే రాస్తానన్నాడు. అప్పటికి పరీక్ష ఇంకా రెండువారాలుంది.

మర్నాడు పొద్దున పొట్ట పొట్టలాగే ఉంది. టేపు పొద్దునా సాయంత్రం ఒకే మాట చెప్పింది. అక్క కూడా శాంతించి, వచ్చినదాన్ని ఎలాగూ వచ్చాను కదా అని పరీక్షదాకా ఉండిపోయింది. అన్నీ కుదుటపడినట్టే. కానీ డ్రైవరు మాత్రం కిటికీ దగ్గర ఎప్పటిలాగే తూలుతున్నాడు.

కారణం మిషను కాదు. రాత్రంతా ఎవరో భుజం తడుతున్నారు. "ఏమండీ." అతను మాస్కు తీసి, ఏమిటే అంటాడు. "ఏం లేదు, పడుకోండి." మళ్లీ కాసేపటికి, "ఏమండీ."

వారం గడిచి డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన కంప్యూటరు వైపు చూసి ముందు సంతోషించాడు, తర్వాత నొసలు చిట్లించాడు. ఊపిరి దాదాపు ఎక్కడా ఆగలేదు. గాలి సరిగ్గా సరిపోయింది. మరి రాత్రికి అన్నిసార్లు మాస్కు ఎందుకు తీసేస్తున్నట్టు?

డ్రైవరు పక్కనున్న భార్యను చూశాడు. ఆమె ఒళ్లోని సంచి జిప్పు తీస్తూ మూస్తూ ఉంది.

"దాహం డాక్టరుగారూ" అన్నాడు.

పడుకునేముందు నీళ్లు తగ్గించమనీ, ఈ ఒక్కవారం చూసి రాస్తాననీ డాక్టరు అన్నాడు. పరీక్షకు ఇక మిగిలింది ఆ ఒక్క వారమే.

ఇంటికొచ్చాక ఆమె కుట్టుమిషను ముందు కూర్చుంది, కుట్టడానికి ఏమీ లేకపోయినా. అతను ఎదురుగా స్టూలు లాక్కున్నాడు. కోప్పడదామనే వచ్చాడు. తన బస్సు సంగతి ఆమెకు తెలియదా?

"మీరు గురకపెట్టినన్నాళ్లు గురక ఆగితే భయమేసేది" అంది ఆమె, సూది కింద చూపు ఉంచి. "మళ్లీ మొదలయ్యేదాకా నేనూ ఊపిరి బిగబట్టుకుని కూర్చునేదాన్ని. తర్వాత మిషనొచ్చింది. బుస్సుమంటూ ఉంటే, సరే, ఉన్నారులే అనుకుని పడుకునేదాన్ని. గాలి తగ్గించాక ఇప్పుడు గురకా లేదు, చప్పుడూ లేదు. చీకట్లో ఏం చూసి తెలుసుకోమంటారు?"

"ఇన్నేళ్లూ నాకెప్పుడూ చెప్పలేదేమే?"

"చెప్పడానికి మీరు మెలకువగా ఉంటే కదా."

డ్రైవరు స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. ఎర్రదీపం దగ్గర ఒక్కసారి కునుకు తీసినందుకు తనకు ఏడాది శిక్ష పడింది. ఈవిడ ఎన్నేళ్లు నైటు డ్యూటీ చేసిందో ఏ డిపోలోనూ రాసిలేదు. మర్నాడు పొద్దున్నే లేచి మళ్లీ కుట్టుమిషను తొక్కేది. ఎప్పుడూ ఎవరి గుడ్డా వంకరగా కుట్టలేదు.

అక్క ఒక ఉపాయం చెప్పింది. మరదలిని తన గదిలో పడుకోబెట్టుకుంటానంది. పడుకోబెట్టుకుంది కూడా. కానీ మరదలు చెప్పుల్లేకుండా వచ్చి తమ్ముడి గది తలుపు దగ్గర నిలబడటం, ఆవిడ వెనకే వచ్చి నిలబడటం, ఇద్దరి గుసగుసలకూ అతను లేవడం. ఆ ఉపాయం ఒక్కరాత్రితో సరి.

రెండోరోజు ఆమె దారాల డబ్బా ముందేసుకుంది. మాస్కు ముందువైపు వదిలిన గాలి బయటికి పోవడానికి సన్నటి రంధ్రాలుంటాయి. వాటి పక్కన బెత్తెడు ఎర్రటి పట్టుదారం కట్టింది. చిన్నదీపం వెలుగులో, పక్కమీదినుంచి తల కూడా ఎత్తకుండా చూడొచ్చు. దారం ఊగుతోందంటే మనిషి ఊపిరి తీస్తున్నట్టే. తట్టక్కర్లేదు, పిలవక్కర్లేదు. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మొదటిసారి మరదలి తెలివిని ఒప్పుకుంది. మామూలుగా కాదు, మైకుకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఆ రాత్రి ఎవరూ డ్రైవరు భుజం తట్టలేదు. తర్వాతి రాత్రీ అంతే. మూడోరాత్రి ఆమె కూడా తెల్లవారేదాకా పడుకుంది. పొద్దున అతను లేచి చూస్తే పక్కన ఆమె నోరు కాస్త తెరుచుకుని, దుప్పటి సగం కిందపడి, ఒళ్లు తెలియకుండా నిద్రపోతోంది. పెళ్లయ్యాక ఆమెను నిద్రలో చూడటం అతనికి అదే మొదటిసారి. ఎప్పుడూ అతనే ముందు పడుకునేవాడు, ఆమే ముందు లేచేది. చప్పుడు కాకుండా లేచి వెళ్లి టీ పెట్టాడు.

వారాంతానికి డాక్టరు కార్డు చూసి మరో మాట లేకుండా డిపోకు రాసిచ్చాడు. భార్యా అక్కా మందులషాపు వైపు వెళ్లాక, ఆయన మాస్కు చేతిలోకి తీసుకుని ఈ ఎర్రదారం ఏమిటని అడిగాడు. డ్రైవరు కాస్త గర్వంగానే చెప్పాడు. డాక్టరు నవ్వాపుకుని, మిషను వేసి, మాస్కును బల్లమీద ఉత్తగా పెట్టాడు. దారం చక్కగా ఊగింది. ఆ రంధ్రాల్లోంచి వచ్చేది మిషను గాలి. మిషను నడుస్తున్నంతసేపూ మాస్కులో మనిషి ఉన్నా లేకపోయినా అది ఊగుతూనే ఉంటుంది.

"ఆవిడకు చెప్పండి మరి" అన్నాడు డాక్టరు.

డ్రైవరు మాస్కు జాగ్రత్తగా సంచిలో పెట్టుకుని, అలాగే చెబుతానన్నాడు.

పరీక్ష నెగ్గి, కొత్త కొలతకు కుట్టిన ఖాకీ వేసుకుని, రోజూ తెల్లారకుండా మొదటి బస్సు తీస్తున్నాడిప్పుడు. దారం సంగతి ఇంతవరకు ఇంట్లో చెప్పలేదు, రంగు వెలిస్తే మాత్రం మార్చమని గుర్తుచేస్తుంటాడు.